స్నేహితుడు ఇచ్చే టో బార్ మా కారుకి పనికొస్తుందా?

డాలస్ దగ్గర్లో ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను.

భర్త నిరుడు రిటైరయ్యారు. సొంత మోటార్‌హోమ్‌లో అమెరికా అంతా తిరగాలని ఆయనకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఫోర్డ్ ఈ-450 చాసిస్ (ఇంజన్, చక్రాలు ఉండే కింది చట్రం) మీద కట్టిన ముప్పై అడుగుల క్లాస్ సి రకం బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వేసవిలో కొలరాడోలో కూతురి దగ్గరికి వెళ్ళి, మనవరాలితో కొన్నాళ్ళు గడిపి, అటు నుంచి ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులు చూసి రావాలని ఆలోచన. అంత బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో ఒకసారి నీళ్ళకీ కరెంటుకీ కలిపాక, పాల కోసమో మందుల కోసమో మళ్ళీ బయటికి తీయలేం కదా, వెనక కారు కట్టుకుని వెళ్దాం అంటున్నారాయన.

ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి 2021 టొయోటా ర్యావ్‌ఫోర్ హైబ్రిడ్, రెండోది 2012 క్యామ్రీ. గుడిలో పరిచయమైన స్నేహితుడొకాయన తన పాత టో బార్, అంటే కారుని మోటార్‌హోమ్ వెనక తగిలించి లాగే ఇనప బార్, ఉచితంగా ఇస్తానన్నారు. "న్యూట్రల్‌లో పెట్టి లాక్కెళ్ళడమే. నేను ఏళ్ళ తరబడి లాగాను, ఏమీ కాలేదు" అన్నారట. వెనక కారుకి విడిగా బ్రేకులు కూడా అక్కర్లేదట, టెక్సాస్‌లో 4,500 పౌండ్ల లోపు అయితే అడగరట. భర్తకు ఆ మాట వేదం. ఈమెకు నిద్ర పట్టడం లేదు. ఒక షాపుకి ఫోన్ చేస్తే మొత్తం సామాను, బిగింపు కలిపి నాలుగు వేల డాలర్ల పైమాటే చెప్పారు. కొడుకేమో "ఈ వయసులో మీకెందుకివన్నీ, బండి అమ్మేయండి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ముభావంగా ఉంటున్నారు. చివరికి "నేను బండి నడుపుతా, నువ్వు కారేసుకుని వెనకాలే రా" అంటున్నారు. అంత దూరం హైవే మీద ఒక్కదాన్నే నడపలేనని ఈమె. మోటార్‌హోమ్ వెనక ఉండే హిచ్ (లాగేదాన్ని తగిలించే చోటు) మీద ఉన్న లేబుల్ ఫోటో కూడా పంపారు. 5,000 పౌండ్లు అనీ, కింద 500 అనీ ఉంది. ఏది కొనాలి, అసలు కొనాలా, ఆయన్ని నొప్పించకుండా ఎలా చెప్పాలి అని అడుగుతున్నారు.

ముందు మీ స్నేహితుడి మాట తేల్చుకుందాం. ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ఆయన అబద్ధమేమీ చెప్పడం లేదు. మీ ఉత్తరం చివర్లో, వేరే సందర్భంలో, ఆయన దగ్గర జీప్ ర్యాంగ్లర్ ఉండేదని రాశారు. కిటుకంతా అక్కడే ఉంది. ర్యాంగ్లర్‌లో గేర్‌బాక్స్ తరువాత ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకొకటి ఉంటుంది, దానికి సొంతంగా ఒక న్యూట్రల్ ఉంటుంది. దాన్ని అందులో పెడితే చక్రాలకూ గేర్‌బాక్స్‌కూ సంబంధం తెగిపోతుంది. చక్రాలు ఎంత దూరం తిరిగినా గేర్‌బాక్స్ లోపలికి ఆ తిరుగుడు వెళ్ళదు. అందుకే మోటార్‌హోమ్‌ల వెనక ర్యాంగ్లర్లు అన్ని కనిపిస్తాయి.

మీ క్యామ్రీ సంగతి వేరు. మామూలు ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్‌కి నూనె అందించే పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది. మీరు లివర్‌ని న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, కారుని లాగారనుకోండి. ముందు చక్రాలు తిరుగుతుంటాయి, వాటితో పాటు గేర్‌బాక్స్‌లో కొంత భాగం కూడా తిరుగుతుంటుంది, కానీ పంపు ఆగిపోయి ఉంటుంది. నూనె పైకి రాదు. లోపలి భాగాలు ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కుతాయి. వీధి చివరి దాకా లాగితే ఏమీ కాదు. డాలస్ నుంచి అమరిల్లో దాకా లాగితే గేర్‌బాక్స్ మాడిపోతుంది. మీరు ముప్పై అడుగుల ముందు కూర్చుని ఉంటారు కాబట్టి వాసన కూడా తెలియదు. దిగాక కారు స్టార్టవుతుంది, కదలదు.

ర్యావ్‌ఫోర్ హైబ్రిడ్ ఇంకో మెట్టు పైన. అది నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే బండి. ముందు చక్రాలు ఎలక్ట్రిక్ మోటార్లకు, వెనక చక్రాలు విడిగా ఇంకో మోటారుకు ఎప్పుడూ కలిసే ఉంటాయి. మీ కారు గ్లవ్ బాక్స్‌లో ఉన్న మాన్యువల్ తీసి, మోటార్‌హోమ్ వెనక లాగడం గురించి రాసిన పేజీ చూడండి. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగవద్దని టొయోటా సూటిగానే రాసింది. షాపువాడు చెప్పినా, స్నేహితుడు చెప్పినా, నేను చెప్పినా, ఆ పేజీయే ఆఖరి మాట. ఒకే పేరున్న కారు ఒక ఏడాది మోడల్ లాగవచ్చు, మరుసటి ఏడాది మోడల్ లాగకూడదు. ఉదాహరణ కింద చెబుతాను.

కాబట్టి ఆ టో బార్ మంచిదా కాదా అన్న ప్రశ్నే ఇంకా రాలేదు. మీ రెండు కార్లలో దేనికీ అది పనికిరాదు. మీ వారికి ఈ ఒక్క ముక్క అర్థమైతే, ఆయన స్నేహితుణ్ణి తప్పు పట్టాల్సిన అవసరం లేకుండానే ఆ చర్చ ముగిసిపోతుంది. "ఆయన జీప్‌కి కుదిరింది, మన టొయోటాకి కుదరదు" అంటే ఎవరి మాటా తీసేసినట్టు కాదు.

ఇక లాగే పద్ధతులు మూడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి టో బార్‌తో లాగడం ఒకటి. ముందు రెండు చక్రాలను డాలీ అనే రెండు చక్రాల చిన్న బండి మీదికి ఎక్కించి, వెనక రెండూ నేల మీద దొర్లనివ్వడం రెండోది. మొత్తం కారుని ట్రెయిలర్ మీదికి ఎక్కించడం మూడోది. మీ ర్యావ్‌ఫోర్‌కి డాలీ కూడా కుదరదు, ఎందుకంటే వెనక చక్రాలు కూడా మోటారుకు కలిసినవే. మిగిలింది ట్రెయిలర్. ఇక్కడ మీరు పంపిన ఫోటో చాలా ఉపయోగపడింది.

హిచ్ లేబుల్ మీద 5,000 అంటే ఆ హిచ్ లాగగల మొత్తం బరువు. 500 అంటే హిచ్ మీద నిలువుగా పడే బరువు. ర్యావ్‌ఫోర్ హైబ్రిడ్ ఖాళీగా దాదాపు 3,700 పౌండ్లు. మామూలు ఇనప కార్ ట్రెయిలర్ 1,800 నుంచి 2,200 దాకా ఉంటుంది. రెండూ కలిపితే 5,500 దాటుతుంది. అల్యూమినియం ట్రెయిలర్ తేలికే గానీ దానితో కూడా మీరు గీత మీదో, గీత దాటో ఉంటారు. పైగా ట్రెయిలర్ ఊగకుండా నడవాలంటే దాని బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు హిచ్ మీద పడాలి. 5,500లో పది వంతులంటేనే 550. మీ 500 అక్కడే అయిపోయింది. ఇంకా పెద్ద హిచ్ వేయిస్తే సరిపోతుందా అని మీ వారు అడుగుతారు. కొన్ని క్లాస్ సి బండ్లలో వెనక చాసిస్‌ని పొడిగించి వెల్డ్ చేసి ఉంటారు. హిచ్ ఒక్కటీ మార్చినంత మాత్రాన ఆ పొడిగింపుకి బలం రాదు. మోటార్‌హోమ్ తయారు చేసిన కంపెనీ ఒప్పుకోకుండా ఆ పని చేయించవద్దు.

హిచ్ తరువాత చూడాల్సిన అంకె ఇంకొకటుంది. డ్రైవర్ తలుపు దగ్గరి లేబుల్ మీద, బండి పేపర్లలో రెండు బరువులు రాసి ఉంటాయి. మనుషులు, సామాను అన్నీ ఎక్కాక బండి మొత్తం దాటకూడని బరువు ఒకటి, బండీ వెనక లాగేదీ కలిపి దాటకూడని బరువు ఇంకొకటి. ఇటీవలి ఈ-450 చాసిస్‌కి ఇవి సాధారణంగా 14,500, 22,000. మీ బండివి మీ లేబుల్ మీదే చూసుకోండి, పాతవాటికి తక్కువ ఉంటాయి. ఈ అంకెల్ని నమ్మి ఊరుకోకుండా ఒకసారి నిజంగా తూచండి. పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని బండ్లు తూచే కాటా ఉంటుంది. ట్యాంకు నిండా పెట్రోలు, నీళ్ళు, బట్టలు, బియ్యం బస్తా, మీరిద్దరూ, అన్నీ ఎక్కాక తూచాలి. ఒక్క గ్యాలన్ నీళ్ళే ఎనిమిది పౌండ్లకు పైగా ఉంటాయి. నలభై గ్యాలన్ల ట్యాంకు నింపితే మూడు వందల పౌండ్లకు పైనే మీకు తెలియకుండానే ఎక్కినట్టు. బండి 14,200 వచ్చిందనుకుందాం. 22,000లో అది తీసేస్తే 7,800 మిగిలింది. అయినా మీ హద్దు 5,000 మాత్రమే, ఎందుకంటే హిచ్ అంతకంటే మోయదు. హిచ్, దానిలోకి దూర్చే బాల్ మౌంట్ లేదా ఎత్తు సరిచేసే డ్రాప్ రిసీవర్, టో బార్, కారుకి బిగించే బేస్ ప్లేట్, బార్ ఊడినా కారుని పట్టి ఉంచే సేఫ్టీ కేబుల్స్, వీటిలో అన్నింటికంటే తక్కువ రాసి ఉన్న అంకెదే పెత్తనం.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, ఈ వేసవికి కారు కట్టకుండా వెళ్ళడం. కూతురి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమె కారు వాడుకోవచ్చు, ఎల్లోస్టోన్ దగ్గర అద్దెకు తీసుకోవచ్చు. కొత్తగా కొన్న బండిని ముందు విడిగా నడిపి అలవాటు పడటం మీ వారికి కూడా మంచిది. ముప్పై అడుగుల బండి మలుపులో వెనక భాగం ఎంత బయటికి ఊగుతుందో తెలియకముందే వెనక ఇంకో పదిహేను అడుగులు తగిలించడం నాకు ఇష్టం లేదు. అయితే ఒక ఇబ్బంది ఉంది. గ్లేసియర్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్ మధ్య భాగంలోకి 21 అడుగులు దాటిన వాహనాల్ని రానివ్వరు. ఆ పార్కుకి వెళ్ళేదే ఆ రోడ్డు కోసం. అక్కడ మీకు చిన్న కారు కావాలి, లేదా పార్కు షటిల్ సమయాలకు సర్దుకోవాలి. అద్దె కార్లు వేసవిలో ముందే అయిపోతాయి కాబట్టి ఇప్పుడే బుక్ చేసుకోవాలి. కారు కావాలన్న ఆయన మాటలో న్యాయముంది, అది ఆయనకు మీ నోటితో చెప్పండి.

రెండోది, మీరు విడిగా కారు నడుపుకుంటూ రావడం. ఇద్దరికీ పెట్రోలు ఖర్చు, రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ప్రయాణం, ఒకరికి నిద్ర వస్తే మాట్లాడేవాళ్ళు ఉండరు. మీకు ఇష్టం లేదని స్పష్టంగానే రాశారు. దీన్ని పక్కన పెట్టేయండి.

మూడోది, క్యామ్రీ. ఇది మీరిద్దరూ లెక్కలోకి తీసుకోలేదు. 2012 క్యామ్రీకి శక్తి ముందు చక్రాలకే వెళుతుంది. ఆ రెండూ డాలీ మీద పైకి లేచి ఉంటే గేర్‌బాక్స్‌లో ఏదీ తిరగదు. వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి, హ్యాండ్ బ్రేక్ తీసేయడం మాత్రం మరిచిపోకూడదు. కారు 3,200 పౌండ్ల పైచిలుకు, సొంత బ్రేకులున్న డాలీ ఆరేడు వందలు. మొత్తం నాలుగు వేలకు అటూఇటూ, అంటే మీ హిచ్ హద్దులోనే. కారుకి ఏమీ బిగించనక్కర్లేదు, బంపర్ విప్పనక్కర్లేదు. కొత్త డాలీ రెండు వేల డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. చూసిన వెంటనే ఇదే చవక, ఇదే సులువు అనిపిస్తుంది.

కానీ డాలీతో రోజువారీ పని ఎలా ఉంటుందో తెలిసి నిర్ణయించుకోండి. కారుని సరిగ్గా మధ్యలోకి వచ్చేలా రెండు సన్నటి పళ్ళాల మీదికి ఎక్కించాలి, ఒకరు బయట నిలబడి చెయ్యి చూపించాలి. తరువాత నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు టైర్ల చుట్టూ పట్టీలు వేసి, రాచెట్ తిప్పుతూ బిగించాలి. కొన్ని మైళ్ళు వెళ్ళాక టైరు సర్దుకుని పట్టీ వదులవుతుంది, అప్పుడు ఆగి మళ్ళీ బిగించాలి. ఆగిన ప్రతిచోటా చూసుకోవాలి. వానలో కూడా. క్యాంప్‌గ్రౌండ్ చేరాక కారు దింపి, ఆ డాలీని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య, కొన్ని చోట్ల మీ సైట్‌లో దానికి స్థలం ఉండదు. మీ వారి మోకాళ్ళ నొప్పి గురించి మీరే రాశారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళేవాళ్ళకు డాలీ బాగానే ఉంటుంది. మూడు రోజులకొక ఊరు మారుతూ తిరిగేవాళ్ళకు విసుగు పుట్టిస్తుంది.

నాలుగోది, నాలుగు చక్రాల మీద లాగడానికి కంపెనీయే ఒప్పుకున్న కారు కొనుక్కోవడం. ఇందాక ఉదాహరణ చెబుతానన్నాను కదా, అది హోండా సీఆర్‌వీ. 2014 మోడల్ వరకు సీఆర్‌వీని అలా లాగవచ్చని హోండా మాన్యువల్‌లోనే పద్ధతి రాసింది. 2015లో గేర్‌బాక్స్ మార్చి సీవీటీ అనే వేరే రకం ఆటోమేటిక్ పెట్టారు, అక్కడితో ఆ అనుమతి పోయింది. అందుకే 2012-2014 సీఆర్‌వీలకు మోటార్‌హోమ్ వాళ్ళలో ఇప్పటికీ గిరాకీ. బరువు 3,300 నుంచి 3,500 పౌండ్ల మధ్య, మీ హిచ్‌కి హాయిగా సరిపోతుంది. క్యామ్రీ అమ్మి దీన్ని కొనుక్కుంటే మీకు ఊళ్ళో తిరగడానికి కూడా అదే కారు. ర్యాంగ్లర్ కూడా మంచిదే గానీ ధర ఎక్కువ, రోజూ ఎక్కి దిగడానికి ఎత్తు.

నన్నడిగితే, మీ వారు చెప్పినట్టు వచ్చే నాలుగైదేళ్ళు నిజంగా తిరుగుతారనుకుంటే నాలుగోదాని వైపే మొగ్గుతాను. ఆ నమ్మకం ఇంకా లేకపోతే ఈ వేసవి మొదటి దారిలో వెళ్ళి రండి, తిరిగొచ్చాక ఆలోచించండి. నాలుగు వేల డాలర్ల సామాను ఒక ట్రిప్పు కోసం కొనడం దండగ.

సీఆర్‌వీ లాంటిది తీసుకుంటే ఏమేం కావాలో చెబుతాను. కారు ముందు బంపర్ వెనకాల ఫ్రేమ్‌కి బోల్టులతో బిగించే ఇనప నిర్మాణమే బేస్ ప్లేట్. ఇది ప్రతి మోడల్‌కీ వేరువేరుగా ఉంటుంది. బిగించడానికి ముందు ప్లాస్టిక్ భాగమంతా విప్పాలి, గంటల పని. దీన్ని తెలిసినవాళ్ళతోనే చేయించండి, బోల్టులు ఎంత గట్టిగా బిగించాలో కూడా కొలత ఉంటుంది. దానికి తగిన టో బార్. బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్, డెమ్కో అన్న మూడు కంపెనీలవి ఎక్కువగా వాడతారు, మూడూ మంచివే. బేస్ ప్లేట్, టో బార్ ఒకే కంపెనీవి అయితే మధ్యలో అడాప్టర్ల గొడవ ఉండదు. బార్‌లో చూడాల్సిందల్లా చేతులు సాగి, ముడుచుకునే రకమా కాదా అని. ఇలాంటిదాన్ని మోటార్‌హోమ్‌కే తగిలించి ఉంచుతారు. కారుని సుమారుగా వెనక ఆపి, రెండు చేతుల్నీ లాగి కారుకి పిన్నులు వేస్తారు. బండి కాస్త ముందుకు కదలగానే చేతులు పూర్తిగా సాగి ఒక్కొక్కటే 'టక్' మని లాక్ అవుతాయి. రెండు శబ్దాలూ వినాలి. ఒకటే వినిపిస్తే దిగి చూడాలి. పాత రకం గట్టి ముక్కోణపు బార్‌తో అయితే కారుని అంగుళం తేడా లేకుండా తెచ్చి నిలపాలి. విప్పేటప్పుడు ఇరుక్కోని రకం తీసుకోండి. వాలుగా ఉన్న చోట ఆగినప్పుడు పిన్ను రాక సుత్తితో కొట్టేవాళ్ళని క్యాంప్‌గ్రౌండ్లలో చూస్తుంటాను. ఆ కొంచెం అదనపు ఖర్చు అక్కడ తెలుస్తుంది.

మీ స్నేహితుడి టో బార్ సంగతి అప్పుడు మళ్ళీ ఆలోచించవచ్చు. దాని మీద బరువు రేటింగ్ స్టిక్కర్ ఇంకా చదవగలిగేలా ఉందా, చేతులు వంగాయా, కీళ్ళ దగ్గర ఆట ఉందా, లాకులు పడుతున్నాయా చూడాలి. ఈ కంపెనీలు పాత బార్‌లను తీసుకుని విప్పి సరిచేసి ఇస్తాయి. అలా చేయించి వాడితే ఆయన ఇచ్చిన వస్తువు వాడినట్టూ ఉంటుంది.

టో బార్ నేలకు సమాంతరంగా ఉండాలి. మోటార్‌హోమ్ హిచ్, కారు బేస్ ప్లేట్ ఎత్తుల్లో సుమారు మూడు అంగుళాలకు మించి తేడా ఉంటే డ్రాప్ రిసీవర్ వేసి సరిచేయాలి. లేకపోతే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు కారు మోటార్‌హోమ్ కిందికి దూరబోతుంది, లేదా పైకి ఎక్కబోతుంది. సేఫ్టీ కేబుల్స్‌ని బార్ కింద ఒకదాని మీదొకటి అడ్డంగా వేయాలి. ఇక లైట్లు. మోటార్‌హోమ్ బ్రేక్ లైటు, ఇండికేటర్ వెలిగినప్పుడు కారువి కూడా వెలగాలి. అయస్కాంతంతో కారుకి అంటించే లైట్లు ఎప్పుడో ఒకసారికి సరే, తరచూ వెళ్ళేవాళ్ళు వైరింగ్ చేయించుకోవడమే మంచిది. అదే పనిలో కారు బ్యాటరీకి చార్జింగ్ వైరు కూడా వేయించండి. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం సగం తిప్పి ఉంచడం వల్ల రోజంతా బ్యాటరీ కారిపోయి, సాయంత్రం కారు స్టార్ట్ కాదు.

బ్రేకుల విషయంలో మాత్రం మీ వారితో రాజీ పడవద్దు. టెక్సాస్ 4,500 పౌండ్ల మాట నిజమే. కానీ మీరు టెక్సాస్‌లోనే తిరగబోవడం లేదు. చాలా రాష్ట్రాల్లో ఆ హద్దు 3,000 దగ్గరే ఉంటుంది, కొన్ని చోట్ల ఇంకా తక్కువ. చట్టం సంగతి అలా ఉంచి, మీ చాసిస్ తయారు చేసిన ఫోర్డ్ ఏమంటోందో చూడండి. వెనక లాగేది సామానుతో 1,500 పౌండ్లు దాటితే దానికి విడిగా పని చేసే బ్రేకులు ఉండాలని వాళ్ళ టోయింగ్ గైడ్‌లో ఉంది. మీరు లాగేది దానికి రెట్టింపు పైన. డాలస్ నుంచి కొలరాడో వెళ్ళే దారిలో రాటన్ పాస్ అనే కొండ దారి ఉంది, 7,834 అడుగుల ఎత్తు. ఎక్కడం ఇంజన్ చూసుకుంటుంది. దిగేటప్పుడు పద్నాలుగు వేల పౌండ్ల బండి తన బ్రేకులతో తననే ఆపుకోవాలి, వెనక మూడున్నర వేలు నెడుతుంటే వాటిని కూడా ఆపాలి. బరువు లాగేటప్పుడు వాడే టో హాల్ బటన్ నొక్కి ఇంజన్‌తో వేగం తగ్గించుకుంటూ దిగండి. అయినా ఎదురుగా ఎవరో హఠాత్తుగా ఆగితే ఆ కారు తన బరువు తానే ఆపుకోగలగాలి.

ఈ బ్రేకుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పెట్టె లాంటిది, డ్రైవర్ సీటు ముందు నేల మీద పెట్టి దాని చెయ్యిని బ్రేక్ పెడల్‌కి తగిలిస్తారు. ఏ కారుకైనా మార్చుకోవచ్చు, బిగింపు ఖర్చు తక్కువ. కానీ ప్రతిసారీ పెట్టాలి, తీయాలి, బరువు మోయాలి. సరిగ్గా పెట్టకపోతే పెడల్‌ని అలాగే కొంచెం నొక్కి ఉంచుతుంది, మైళ్ళ తరబడి బ్రేకులు రాసుకుని పొగలొస్తాయి. రెండోది కారులోనే దాచి శాశ్వతంగా బిగించేది. ధర ఎక్కువ, వాడకం మాత్రం ఒక కేబుల్ గుచ్చడమే. అదే కారుని ఏళ్ళ తరబడి లాగబోయే మీ ఇద్దరికీ రెండోదే తగినది. ఏది తీసుకున్నా, వెనక బ్రేక్ పడిందని మోటార్‌హోమ్ డాష్‌బోర్డు మీద చూపించే చిన్న లైటు తప్పకుండా ఉండాలి.

దీనితో పాటు బ్రేక్‌అవే స్విచ్. కారు ముందు భాగంలో ఒక చిన్న డబ్బా, అందులో ఒక పిన్ను, ఆ పిన్నుకి సన్నటి తీగ. తీగ రెండో కొసని మోటార్‌హోమ్ ఫ్రేమ్‌కే తగిలించాలి, టో బార్‌కి కాదు. బార్‌తో సహా అన్నీ ఊడిపోతే, ఆ తీగ పిన్నుని లాగేస్తుంది, పిన్ను రాగానే కారులో బ్రేకులు వాటంతటవే పడతాయి. బార్‌కే కట్టి ఉంటే బార్ ఊడినప్పుడు తీగ కూడా దానితోనే పోతుంది, పిన్ను రాదు. బిగించిన షాపులోనే పిన్ను ఒకసారి చేత్తో లాగి, చక్రాలు పట్టుకున్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

ఇంకొక్క విషయం. నాలుగు చక్రాలతో లాగినా, డాలీతో లాగినా, వెనక్కి రావడం కుదరదు. ముందు చక్రాలు అడ్డం తిరిగి బార్ వంగిపోతుంది. పెట్రోల్ బంకులోకి దూరే ముందే బయటికి వచ్చే దారి చూసుకోవాలి. క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడు ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి నేరుగా వెళ్ళిపోగలిగే పుల్ త్రూ సైట్ అడగాలి. ఇరుక్కుంటే దిగి కారు విప్పడం తప్ప మార్గం లేదు. కారు టైర్లకు కూడా గాలి చూపించే సెన్సర్లు పెట్టించండి, ఎందుకంటే వెనక టైరు పేలినా ముందున్నవాళ్ళకు తెలియకపోవచ్చు.

ఇక మీ వారితో ఎలా మాట్లాడాలన్నది. కొడుకు "అమ్మేయండి" అన్నప్పుడు ఆయనకు వినిపించింది బండి గురించి కాదు, మీకు చేతకాదు అని. ఇప్పుడు మీరు "నాకు భయం" అంటే అదే మాట రెండోసారి విన్నట్టు ఉంటుంది. అందుకని భయం గురించి కాకుండా పని గురించి మాట్లాడండి. ఒక ఆదివారం ఇద్దరూ కలిసి రెండు కార్ల మాన్యువల్స్ తీసి ఆ పేజీలు ఆయన్నే చదవమనండి. తలుపు లేబుల్ దగ్గర మీరు కాగితం పట్టుకోండి, ఆయన అంకెలు చెప్పాలి. తరువాత క్యాట్ స్కేల్‌కి వెళ్ళి రండి. ఆయన ఇంజనీరుగా పని చేశానన్నారని రాశారు. అంకెలు చేతికొస్తే ఆయనే నిర్ణయం మార్చుకునే అవకాశం ఎక్కువ, మీరు వాదించనక్కర్లేదు. కొడుకుతో కూడా ఆయన్నే మాట్లాడనివ్వండి, ఆ కాగితం ముందు పెట్టుకుని.

మీరు పక్కన కూర్చునే ప్రయాణికురాలిగా మిగిలిపోవద్దు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో మోటార్‌హోమ్ నడపడం కొంచెం నేర్చుకోండి, ఆయనకు ఒంట్లో బాగా లేని రోజున రోడ్డు పక్కకు తీయగలిగినంత. కారు తగిలించేటప్పుడు ఆయన చేస్తే మీరు చూడండి, మరుసటి రోజు మీరు చేయండి, ఆయన చూస్తారు. పిన్నులు, కేబుల్స్, లైట్లు, బ్రేక్‌అవే తీగ, కారు గేరు, హ్యాండ్ బ్రేక్, స్టీరింగ్ లాక్ పడలేదా, ఇవి కాగితం మీద రాసుకుని ప్రతిసారీ చదవండి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఎవరో ఒకరు పలకరించడానికి వస్తారు. మధ్యలో మాటల్లో పడితే ఏది వేశామో ఏది వేయలేదో గుర్తుండదు. నవ్వుతూ ఒక్క నిమిషం ఆగమని, మాట్లాడాక మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. సీఆర్‌వీకి హోండా రాసిన వరస కూడా ఆ కాగితంలో ఉండాలి. గేరు లివర్ అన్ని స్థానాల్లోకీ తిప్పి, డి లో పెట్టి, తరువాత న్యూట్రల్‌లోకి తెచ్చి, ఇంజన్ మూడు నిమిషాలు నడవనిచ్చి ఆపాలి. తాళం స్టీరింగ్ లాక్ పడని స్థానంలో ఉంచాలి. గంటకు 65 మైళ్ళు దాటకూడదు. కాలిఫోర్నియా వైపు వెళ్తే వెనక ఏదైనా లాగుతున్న బండికి 55 మాత్రమే.

అన్నీ బిగించాక మొదటిసారే కొలరాడో బయల్దేరకండి. ఇంటికి దగ్గర్లో ఏదైనా స్టేట్ పార్కుకి ఒక రాత్రి వెళ్ళి రండి. వీధి చివర మలుపు తిరిగేటప్పుడు మీరు బయట నిలబడి, కారు ముందు చక్రాలు వాటంతటవే మలుపు వైపు తిరుగుతున్నాయో లేదో చూడండి. అయిదు మైళ్ళకు ఒకసారి ఆగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. నాలుగూ ఒకేలా ఉంటే ముందుకు వెళ్ళవచ్చు. ఒకటి కాలుతుంటే అక్కడే ఆగి ఆ బ్రేకు ఎందుకు పట్టుకుందో తేల్చుకోండి. బయల్దేరే ముందు మోటార్‌హోమ్ ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేసి, వెనక లాగే కారుకి దెబ్బ తగిలితే ఏ పాలసీ కిందికి వస్తుందో ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి.